ఎర్రగా కనబడే తోట

జులై 5, 1999

ఈ డైరీ నాది కాదు. మేడ్చల్‌లో పురుగుమందులు అమ్మే షావుకారు మా నాయినకు ఇచ్చాడు. ప్రతి పేజీ అడుగున ద్రాక్షకు బూజు పడితే ఏ మందు కొట్టాలో అచ్చు వేసి ఉంది. ఆరు నెలలుగా నాయిన ఇందులో ఒక్క గీత కూడా గీయలేదు. ఇకనుంచి నాది. చెల్లెలు భవిత ముట్టుకుందంటే దాని పని చెప్తాను. చదివేది తొమ్మిదో తరగతే గాని నోటికి మాత్రం డిగ్రీ ఎప్పుడో వచ్చేసింది.

ఇవాళ ఫిజిక్స్ చెప్పే పట్టాభిరామయ్య సార్, ఇంటర్ అయ్యాక ఎవరెవరు ఏం చదువుతారని వరసగా లేపి అడిగారు. అందరిదీ ఒకటే పాట, కంప్యూటర్లు. నా వంతు వచ్చినప్పుడు అంతరిక్షంలోకి పోతానన్నాను. వెనక బెంచీల వాళ్లు నవ్వారు. సార్ నవ్వలేదు. అటు పోవడానికి మూడు దార్లున్నాయన్నారు. వైమానిక దళంలో పైలట్ అయి, అక్కడినుంచి ఎంపిక కావడం ఒకటి. ఇంజనీరింగ్ చదివి రాకెట్లు తయారుచేయడం రెండోది. ఫిజిక్స్ చదివి, కింద కూర్చుని, పైనుంచి వచ్చేదాన్ని అర్థం చేసుకోవడం మూడోది. మూడోది చెప్పేటప్పుడు ఆయన గొంతు మెత్తబడింది. మూడో దారిలో పోయినవాడు ఎక్కడ తేలతాడో సార్‌ను చూస్తేనే తెలుస్తోంది. మేడ్చల్ జూనియర్ కాలేజీలో, పాత లూనా మీద.

నాది మొదటి దారి. మిగతా రెండూ వేరేవాళ్లను పైకి పంపి చేతులూపే పనులు.

అత్వెల్లిలో మా ద్రాక్షతోట మీదుగా హకీంపేట శిక్షణ విమానాలు రోజూ పోతాయి. పందిరి కింద పనిచేసేవాళ్లెవరూ తలెత్తరు. నేనొక్కణ్ణే ఎత్తుతాను.

జులై 19

అమ్మకు ఒక అలవాటుంది. ఏ వస్తువు గురించి చెప్పినా రంగు చెప్పకుండా ఊరుకోదు. ‘గా పచ్చంగి ఏస్కో, మెరూన్ ప్యాంటు మీదికి బాగుండదు, నల్లది తీస్కో.’ ‘గా ఎర్ర మూత డబ్బ తే, పక్కన పచ్చ మూతది గాదు.’ పదిహేడేళ్లొచ్చాయి నాకు. భవితకు ఇలా చెప్పదు. పైలట్ అయ్యేందుకు రాసే ఎన్డీఏ పరీక్షకు ఫారం నింపిన మనిషికి మాత్రం మూతల రంగులు చెప్తుంది. ఇవాళ విసుక్కున్నాను. అమ్మ లోపలికి వెళ్లిపోయింది.

ఆగస్టు 11

గ్రహణం. అమ్మ తలుపులన్నీ మూసేసింది. దొడ్డిదారిన బయటపడి మోటారు గది పైకెక్కాను. మొత్తం మబ్బు. ఏమీ కనిపించలేదు.

పైలట్ అయ్యాక మబ్బుల పైనుంచి చూస్తాను.

సెప్టెంబర్ 20

పరీక్ష రాశాను. లెక్కలు బాగా చేశాను. విశ్వతేజ కూడా రాశాడు. వాడు గుండ్లపోచంపల్లి కొత్త కాలనీలో ఉంటాడు, వాళ్లది బందరు దగ్గర. క్లాసులో నాతో పోటీపడే వాడు వాడొక్కడే, నాతో నవ్వకుండా మాట్లాడేదీ వాడొక్కడే. తిరుగు బస్సులో ఇద్దరం ఒకే స్క్వాడ్రన్‌లో చేరాలని ఒప్పందం చేసుకున్నాం. స్క్వాడ్రన్‌లో ఎంతమంది ఉంటారో ఇద్దరికీ తెలియదు.

అక్టోబర్ 17

సద్దుల బతుకమ్మ. ఇంట్లో గొడవ.

తోటలో కొమ్మ కత్తిరింపులు నడుస్తున్నాయి. అమ్మ కూలీలతో ఉండిపోయింది. బతుకమ్మ పేర్చే పని భవిత మీద పడింది. గునుగు పూలు రంగుల్లో ముంచి ఆరబెట్టి ఉన్నాయి, కట్టలు కట్టి ఇవ్వమని నన్ను బతిమాలింది. సరే పాపమని కూర్చున్నాను. నేను కట్టలు కట్టి అందిస్తుంటే అది మాటల్లో పడి పేర్చుకుంటూ పోయింది. సగం లేచాక పక్కింటి పిల్లలు వచ్చి చూసి పకపకా నవ్వారు. ఒకే వరసలో ఎర్రవీ ఆకుపచ్చవీ కలిసిపోయాయట. భవిత ఏడుపు మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది.

‘వీనికి ఎర్రకు పచ్చకు ఫరక్ తెల్వదమ్మా’ అంది భవిత.

అమ్మ దాన్ని చెంప మీద కొట్టింది. అమ్మ మమ్మల్ని ఎప్పుడూ కొట్టదు. నాయిన చెయ్యెత్తినా అడ్డం వచ్చే మనిషి. భవిత ఏడుపు కూడా మరిచిపోయి చూస్తూ నిలబడింది. అమ్మ తాంబాళం తన ముందుకు లాక్కుని, మాకు వీపు పెట్టి కూర్చుని, పూలన్నీ విప్పి మళ్లీ మొదటినుంచి పేర్చింది. మొగపిల్లవాడితో ఈ పని ఎందుకు చేయించావని మాత్రం గొణిగింది.

ఆ రంగు నాసిరకం. సంతలో పొట్లం కట్టి అమ్మే రంగు అలాగే ఉంటుంది. తడి మీద ఒకలా ఆరాక ఒకలా కనిపిస్తుంది. ఎవరైనా పొరబడతారు.

డిసెంబర్ 22

పాసయ్యాను. పాసయ్యాను. రాత పరీక్ష పాసయ్యాను.

నాయిన అత్వెల్లి బస్టాప్ హోటల్లో కనిపించిన ప్రతివాడికీ చాయ్ పోయించాడు. ‘నా కొడుకు పరమేష్ విమానం నడుపుతడు’ అని తెలిసినవాళ్లకూ చెప్పాడు, తెలియనివాళ్లకూ చెప్పాడు. నాయినను అలా ఎప్పుడూ చూడలేదు. కుర్మయ్య అంటే అందరికీ బోర్ల కోసం చేసిన అప్పు, పడిపోయిన ధర. ఇవాళ మాత్రం కొడుకున్న కుర్మయ్య. ఇంటర్వ్యూకు వేసవిలో మైసూరు పిలుస్తారు. అందులో నెగ్గితే మెడికల్, ఆ తర్వాత ఇక ఆకాశమే.

అమ్మ సంతోషించింది. సంతోషించింది అనే రాయాలి. నోరు తీపి చేసింది, దేవుడి దగ్గర దీపం పెట్టింది. మెడికల్‌లో ఏమేం చూస్తారని మూడుసార్లు అడిగింది. ఎత్తు, బరువు, గుండె, కళ్లు అని చెప్పాను. కళ్లల్లో ఏం చూస్తారని అడిగింది. దూరం, దగ్గర చూస్తారు, నాకు దూరంగా పోయే బస్సు బోర్డు కూడా కనబడుతుంది కదా అన్నాను. అవునంది.

విశ్వతేజ పేరు లేదు. వాడే వచ్చి చెప్పి వెళ్లాడు.

జనవరి 16, 2000

1999 కొట్టేసి పైన 2000 రాసుకుంటున్నాను. డైరీ ఇంకా సగం ఖాళీగానే ఉంది, కొత్తది ఎందుకు.

విశ్వతేజ వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాన్న వెంకటేశ్వరరావుగారు ఎలక్ట్రానిక్స్ కంపెనీలో ఉద్యోగం. ఆదివారం కూడా బల్లమీద రేడియో విప్పుకుని కూర్చుంటారు. రెసిస్టర్ల డబ్బాలోంచి ఆకుపచ్చ చారలున్నది తీసివ్వమన్నారు. తీసిచ్చాను. చూశారు, పక్కన పెట్టారు. ఇంకోటి అడిగారు, ఎర్ర చారలున్నది. ఇచ్చాను. నా మొహం వైపు చూశారు. ఆంటీ ఇచ్చిన కాఫీ తాగి లేచాను.

గేటు దాకా వచ్చి అప్పుడన్నారు: ‘బాబూ, మైసూరు వెళ్లేలోపు ఒకసారి కళ్లు చూపించుకో. రంగుల పరీక్ష అని ఒకటుంటుంది. పైలట్లకి అది ముందు చూస్తారు.’

ఆయన కొడుకు తప్పాడు, నేను పాసయ్యాను. అంతకంటే ఏముంది ఇందులో. పెద్దమనిషి అనుకున్నాను. ఆ చారలు వెంట్రుకంత సన్నగా ఉన్నాయి, ఎవడికి కనిపిస్తాయి?

విశ్వతేజకు కనిపిస్తున్నాయి. వాడికి అలవాటు.

ఫిబ్రవరి 9

కెమిస్ట్రీ ప్రాక్టికల్ పరీక్ష. నాకు వచ్చిన ఉప్పును మంటలో పెట్టి చూడాలి. బేరియం అయితే మంట ఆకుపచ్చ, కాల్షియం అయితే ఇటుక ఎరుపు. పెట్టాను. మంట వచ్చింది. మళ్లీ పెట్టాను. మంట మంటలాగే ఉంది. ఏడాదంతా నా పక్కన విశ్వతేజ ఉండేవాడు, ఏం వచ్చిందిరా అంటే చెప్పేవాడు, నేను రాసుకునేవాణ్ణి. ఇవాళ వాణ్ణి అవతలి వరసలో నిలబెట్టారు.

కాల్షియం అని రాశాను. బేరియమట.

ఆ బర్నర్ తుప్పు పట్టింది.

ఫిబ్రవరి 12

సికింద్రాబాద్ వెళ్లాను, ఎవరికీ చెప్పకుండా. కళ్లజోళ్ల దుకాణం. చుక్కల పుస్తకం పెట్టారు. పుస్తకం పాతది.

ఫిబ్రవరి 13

పుస్తకం పాతది కాదు.

ఫిబ్రవరి 15

రాయాలి. ఇక్కడ కూడా రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను?

చుక్కల మధ్య అంకె ఉంటుంది, అది చదవాలి. మొదటి పేజీలో పన్నెండు కనిపించింది. గట్టిగా చదివాను. ఆ పేజీ అందరికీ కనిపిస్తుందట. తర్వాత దుకాణంలోని కళ్ల డాక్టరు పేజీలు తిప్పుతూ పోయాడు. చుక్కలు. చుక్కలు. చుక్కలు. నా వెనక అమ్మమ్మతో వచ్చిన చిన్నపిల్ల ఒకతి, ఎనిమిది, ఆరు అని నా భుజం మీదుగా చదువుతోంది. ఆ పిల్లను తిట్టాను. కళ్ల డాక్టరుకు ఎరుపు, ఆకుపచ్చ రెండూ నాకు కలగలిసి కనిపిస్తాయని తెలియడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. పుట్టుకతో వచ్చిందట. మందు లేదట, అద్దాలు లేవట. మిగతా చూపు బ్రహ్మాండంగా ఉందన్నాడు. ఏం చదువుతున్నావని అడిగాడు. చెప్పాను. ‘మంచిది, పైలట్ తప్ప ఏదైనా చదువుకో’ అన్నాడు, చాయ్ తప్ప ఏదైనా తాగమన్నట్టు.

బస్సులో వస్తుంటే సుచిత్ర చౌరస్తా దగ్గర సిగ్నల్ పడింది. ఇన్నేళ్లుగా పైది వెలిగితే ఆగాలి, కిందిది వెలిగితే పోవాలి అనే చూస్తున్నాను. అందరూ అలాగే చూస్తారనుకున్నాను.

ఏడుపొచ్చింది. మేడ్చల్ దాకా కిటికీ వైపు తిరిగే కూర్చున్నాను.

మార్చి 1

తోటలో కోతలు మొదలయ్యాయి. కాయ ఆకుపచ్చనుంచి లేత పసుపుకు తిరిగితేనే గుత్తి కోయాలి. నాయిన నన్ను కత్తెర పట్టుకోమన్నాడు. ఎప్పటిలాగే అమ్మ అడ్డం వచ్చింది, వాణ్ణి డబ్బాలు సర్దే దగ్గర ఉండనీ, పరీక్షలున్నాయి, చేతులు కోసుకుంటాడు అని. కూలీలు ఎప్పటిలాగే దొరబాబు అన్నారు. ప్రతి ఏడూ ఇదే. ప్రతి ఏడూ నన్ను గారాబం చేస్తోందనుకున్నాను.

అమ్మ నన్ను చూసింది. నేను అమ్మను చూశాను. నీకు ముందే తెలుసా అని నేనడగలేదు. అడిగితే చెప్తుందేమోనని భయమేసింది.

మార్చి 6

విశ్వతేజకు చెప్పాను. వాడికి ముందే తెలుసు, వాళ్ల నాన్న చెప్పాడట. వాడే ఒక ఉపాయం చెప్పాడు. అన్నిచోట్లా అదే పుస్తకం వాడతారు, పేజీల వరస కూడా అదే, బట్టీ పట్టేస్తే సరి అన్నాడు. కళ్లజోడు కావాలని వాడే ఆ దుకాణానికి పోయి, పేజీ వెంట పేజీ చూసి, అంకెలన్నీ చేతిమీద రాసుకుని వచ్చాడు. తప్పినవాడు నన్ను గట్టెక్కించడానికి చేయి నిండా అంకెలు రాసుకొచ్చాడు. వాణ్ణి గురించి, వాళ్ల నాన్న గురించి జనవరిలో రాసింది కొట్టేయాలి. కొట్టేయను, ఉండనీ.

బట్టీ పట్టడంలో నన్ను మించినవాడు అత్వెల్లిలో లేడు.

మార్చి 11

వరస వచ్చేసింది. వెనకనుంచి ముందుకు కూడా వచ్చేసింది.

ఇందులో తప్పేముంది? విమానం నడిపేది చేతులు, బుర్ర. నాకు రెండూ ఉన్నాయి. ఇన్నేళ్లు ఎవరికీ అనుమానం రాకుండా బతికానంటే రంగులతో పనేముంది? దీపాల స్థానాలు గుర్తుపెట్టుకుంటాను. అన్నీ గుర్తుపెట్టుకుంటాను.

మార్చి 30

పరీక్షలయిపోయాయి. మైసూరు పిలుపు వచ్చింది, ఏప్రిల్ 17. నాయిన రైలు టికెట్ తెచ్చి దేవుడి పటం వెనక పెట్టాడు. ఎండలు మండుతున్నాయి.

ఏప్రిల్ 4

(ఖాళీ ఉంచుతున్నాను. రాయలేను.)

ఏప్రిల్ 7

అమ్మ బతికింది. ముందు అది రాసుకుంటున్నాను.

మా ఇంట్లో ఒక రేకు కూలర్ ఉంది, నాయిన ఎవరి దగ్గరో పాతది కొన్నాడు. ఎండాకాలం మొదట్లో దాని ప్లగ్గు కాలి ముద్దయిపోయింది. ఇంట్లో ఇలాంటివన్నీ నేనే చేస్తాను. ఎంపీసీ చదివేవాడుండగా బయటివాణ్ణి పిలవడమేంటని నాయిన అంటాడు. ఎప్పుడు ప్లగ్గు మార్చినా, ఏ తీగ ఏ పిన్నుకుందో చూసి అలాగే బిగిస్తాను. ఈసారి పాతది కరిగిపోయింది, చూడటానికేమీ మిగల్లేదు. మూడు తీగలు. ఎర్రది కరెంటుకు, నల్లది తిరుగు దారికి, ఆకుపచ్చది కూలర్ రేకుకు తగిలించి ఉండే భూమి తీగ. పుస్తకంలో చదివిందే. నల్లది సులువు. మిగిలిన రెంటిలో ఇది ఎరుపు అనుకున్నాను. అనుకుని బిగించాను.

భవిత పక్కగదిలోనే ఉంది. ఒక్కమాట అడిగితే అయిపోయేది. దాని నోట ఆ మాట మళ్లీ వినలేక అడగలేదు. అంకెల వరస వచ్చిన మగాణ్ణి కదా.

స్విచ్ వేశాను. ఫ్యాను తిరగలేదు. అమ్మ అంట్లు తోముతూ లేచి వచ్చింది, చేతులు తడి. ‘నీళ్లు వోసినవా బిడ్డా’ అంటూ కూలర్ తలుపు మీద చెయ్యి వేసింది.

అమ్మ అరవలేదు. అరవలేకపోయింది. చెయ్యి రేకుకు అతుక్కుపోయి మనిషి వణికిపోతోంది. స్విచ్ నా పక్కనే ఉంది గనుక తీశాను. అమ్మ వెనక్కి గోడకు కొట్టుకుని పడిపోయింది. నాయిన తోటనుంచి పరిగెత్తుకొచ్చాడు. ఆటోలో మేడ్చల్ ఆస్పత్రి. కుడి అరచెయ్యి కాలిపోయింది, రెండు వేళ్లు ఇక ముడుచుకోకపోవచ్చన్నారు. గుండె ఆగి ఉండాల్సింది, అదృష్టవంతులు అన్నారు.

ఇంటికొచ్చి ప్లగ్గు విప్పాను. భవితను పిలిచి, ఇందులో ఎర్రది ఏదని అడిగాను. అది చూపించింది. అది నేను భూమి పిన్నుకు బిగించినది. కరెంటు పిన్నుకు ఉన్నది ఆకుపచ్చది. భవిత ప్లగ్గునూ నా మొహాన్నీ చూసింది. దాని నోరు మూతపడటం మొదటిసారి చూశాను.

ఏప్రిల్ 8

ఆస్పత్రిలో అమ్మ దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. అమ్మా, నాకు రంగులు తెల్వవు అన్నాను. సికింద్రాబాద్ సంగతి, అంకెల సంగతి అన్నీ చెప్పాను. అమ్మ పైకప్పు వైపు చూస్తూ విన్నది.

‘నాకెర్కనే బిడ్డా. నీకు అయిదేండ్లప్పుడే ఎర్కయింది. పండు టమాటలు తెంపుకరమ్మంటే కాయలు తెచ్చినవు.’

తర్వాత షామీర్‌పేట తాత సంగతి చెప్పింది. అమ్మ వాళ్ల నాయిన, ఓదెలు. నేను పుట్టకముందే పోయాడు. ఆయనకు వయసులో ఉన్నప్పుడు రైల్వేలో నౌకరీ వచ్చిందట. కళ్ల పరీక్షలో రంగురంగుల ఉన్ని దారాలు కుప్పపోసి, ఒకే తీరువి ఏరమన్నారట. ఏరలేకపోయాడు. తిరిగొచ్చాక ఊరంతా నవ్వింది. చనిపోయేదాకా ఆయన్ను దారాల ఓదెలు అనే పిలిచారట. అమ్మ చిన్నప్పుడు బడిలో కూడా దారాల ఓదెలు బిడ్డ అనే అనిపించుకుంది.

‘నిన్ను గట్ల అనొద్దని దాసిన. మీ నాయినకు గూడ చెప్పలే. నువ్వు చదువుల వడ్డవు, చదువుకు రంగులేం పని అనుకున్న. తీగలకు గూడ రంగులుంటయని నాకేం తెలుసురా.’

కాలిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ‘మా దిక్కునించే వచ్చింది నీకు’ అని ఏడ్చింది. తనది తప్పయినట్టు. కరెంటు పెట్టింది నేను, ఏడ్చేది అమ్మ. నేను ఆ మంచం పక్కనే కూర్చుని, మూతల రంగులు చెప్పినందుకు విసుక్కున్నవన్నీ ఒక్కటొక్కటే గుర్తుచేసుకున్నాను.

ఏప్రిల్ 11

నాయినకు నేనే చెప్పాను. తాత సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది. చాలాసేపు పందిరి గుంజను పట్టుకుని నిలబడ్డాడు. నన్ను తిట్టలేదు. అమ్మతో మాత్రం మాట్లాడటం లేదు. మందులు వేళకు ఇస్తున్నాడు, అన్నం కలిపి పెడుతున్నాడు. మాట లేదు.

విశ్వతేజ వచ్చాడు. ఇప్పుడైనా వెళ్లరా, వరస వచ్చు కదా, ఎవరికి తెలుస్తుంది అన్నాడు. వాడు నా మంచికే అంటున్నాడు. నేనన్నాను, మూడు తీగల దగ్గర మా అమ్మను చంపబోయాను, విమానంలో ఎన్ని తీగలుంటాయిరా, ఎన్ని దీపాలుంటాయి, నా వెనక ఎవరి అమ్మ కూర్చుంటుందో ఎవరికి తెలుసు. తోట గట్టు మీద కూర్చుని ఇద్దరం పచ్చికాయలు తిన్నాం. అవి పచ్చివని కొరికాకే తెలిసింది. వాడికి ముందే తెలిసుంటుంది, అయినా నాతోపాటు తిన్నాడు.

ఏప్రిల్ 17

ఇవాళ మైసూరులో ఉండాల్సింది.

ఏప్రిల్ 18

విమానాలు పొద్దున్నుంచీ పోతూనే ఉన్నాయి. ఇవాళే ఇన్ని ఎందుకో.

ఏప్రిల్ 19

తలెత్తలేదు.

ఏప్రిల్ 30

అత్వెల్లిలో అందరికీ తెలిసిపోయింది. బస్టాప్ హోటల్లో చాయ్ తాగినవాళ్లే నాయినను, ఏంది కుర్మన్నా, విమానం ఎప్పుడు లేస్తాంది అని అడుగుతున్నారు. ఒకడు వాడి లుంగీ చూపించి ఇదేం రంగో చెప్పమన్నాడు నన్ను. తప్పే చెప్పినట్టున్నాను, నవ్వారు. నవ్వితే ఏమవుతుందని ఇన్నేళ్లు అమ్మ భయపడిందో అది ఇదే. కాని ఇంటికి వచ్చేసరికి ఆకలేసింది, తిన్నాను. ఇంతేనా అనిపించింది.

నాయిన ఇంజనీరింగ్ అంటున్నాడు. నాకు ఏదీ వద్దు. అంతరిక్షం అన్న మాట ఎవరి నోటా వినబడకూడదు.

మే 8

పట్టాభిరామయ్య సార్ ఇంటికి పోయాను. ఎందుకు పోయానో తెలియదు. పోట్లాడటానికే అనుకుంటాను. మీరు మూడు దార్లన్నారు, ఒకదానికి తలుపేసి ఉందని ఎందుకు చెప్పలేదని అడిగేశాను. సార్ లూనాకు చైను ఎక్కిస్తున్నారు, చేతుల నిండా గ్రీజు. కూర్చోమన్నారు. చెయ్యి కడుక్కుని లోపలినుంచి చుట్టచుట్టిన పెద్ద కాగితం తెచ్చి నేలమీద పరిచారు. బాలానగర్‌లో ఉపగ్రహం ఫోటోలు తయారుచేసే చోట సార్ శిష్యుడొకడు పనిచేస్తున్నాడట. మన మండలం, చుట్టుపక్కల ఊళ్ల ఫోటో, ఎండాకాలంలో పైనుంచి తీసింది. షామీర్‌పేట చెరువు నల్లటి మరకలా ఉంది. రోడ్డు, రైలుపట్టాలు తెలుస్తున్నాయి. మిగతా చోట్ల అక్కడక్కడా ముక్కలు ముక్కలుగా ఏదో ఒక రంగు.

ఉపగ్రహానికి కళ్లు లేవన్నారు సార్. అది అంకెలు పంపుతుంది. మొక్కలు ఒకరకం కాంతిని ఎక్కువగా తిప్పికొడతాయి, దాన్ని కొలిచి అంకెగా చేస్తుంది. రంగులు మనం తర్వాత వేసుకుంటాం, చూడటానికి వీలుగా.

‘ఆ కాంతి నీకు కనిపించదు. నాకూ కనిపించదురా పరమేష్. మనిషన్నవాడికి ఎవడికీ కనిపించదు. అక్కడ అందరం గుడ్డివాళ్లమే. లెక్కలొచ్చినవాడే చూస్తాడు.’

నాకు వెంటనే ఏమీ వెలగలేదు. సార్‌ను కౌగిలించుకోలేదు. వేరేవాళ్లను పైకి పంపి చేతులూపే పని అని ఈ డైరీ మొదటి పేజీలో రాసింది గుర్తొచ్చింది. ఇప్పటికీ అదే అనిపిస్తోంది. పైకి పోయేది నేను కాదు. ఆ నొప్పి ఎక్కడికీ పోలేదు, పోతుందని కూడా అనుకోను. కాని ఆ కాగితం మీద అత్వెల్లి ఎక్కడుందో వెతికాను. మోటారు గది పక్కన మలుపు, దాని పక్కన నలుచదరపు ముక్క. ఎండాకాలం మంటల్లో కూడా మా తోట అంత గట్టిగా కనిపిస్తోంది.

ఇంటికి తీసుకుపోతానన్నాను. సార్ చుట్టచుట్టి ఇచ్చారు. బీఎస్సీ ఫిజిక్స్ ఫారాలు ఎప్పుడిస్తారని అడిగాను. ఆయన మళ్లీ లూనా దగ్గర కూర్చుని, జూన్‌లో అన్నారు.

మే 9

సాయంత్రం వాకిట్లో కాగితం పరిచాను. నాయిన మంచం మీద కూర్చుని ఉన్నాడు. భవిత వచ్చి మోకాళ్ల మీద వంగింది. అమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని గడప మీద కూర్చుంది. మా తోట ముక్క మీద వేలు పెట్టాను.

‘అమ్మా, గిదేం రంగు?’

ఇంతకాలం నేను అడగకముందే చెప్పిన మనిషి, నేను అడిగేసరికి తడబడింది. ముందు నాయిన మొహం చూసింది. నేను కదలకుండా అలాగే వేలు పెట్టి ఉన్నాను. భవిత చెప్పబోయి ఆగిపోయింది.

‘ఎర్రగున్నది’ అంది అమ్మ, మెల్లగా. ‘మన తోటనా ఇది? పచ్చటి తోట ఎర్రగెందుకున్నది?’

పైనుంచి చూసేది పచ్చని పంటను ఇట్లనే చూపిస్తదమ్మా, ఎంత పచ్చగుంటే అంత ఎర్రగ అని చెప్పాను. సార్ చెప్పినదంతా చెప్పబోయాను గాని నాకే సరిగ్గా రాలేదు.

అమ్మ వంగి మళ్లీ చూసింది. ‘అయితే గది గూడ నీలెక్కనే సూస్తదా’ అంది.

భవిత నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, ఆ రోజు తర్వాత మొదటిసారి. నాయిన మంచం దిగి వచ్చి కాగితం చేతుల్లోకి తీసుకుని, మా తోట ముక్క, దాన్ని దాటి షామీర్‌పేట చెరువు, చెరువు అవతల అమ్మ పుట్టిన ఊరు, అన్నీ కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూశాడు.

‘ఓదెలు మామ ఉంటే సూపెడ్దుము’ అన్నాడు, ఇన్ని రోజులకు అమ్మతోనే.

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి లేచి, ఎడమ చేత్తోనే పొయ్యి మీద అన్నం పెట్టింది.

రేపు సార్ దగ్గరికి పోయి డిగ్రీ కాలేజీల సంగతి కనుక్కోవాలి. ఏ చొక్కా వేసుకోవాలో అమ్మను అడగాలి.